అప్పు కథా? సూత్రమా?

ఏడో తరగతిలో ‘మైనస్ ఇంటూ మైనస్ ప్లస్’ అని బట్టీ పట్టిస్తే పది నిమిషాల్లో పాఠం అయిపోతుంది. వారం తర్వాత −5−3 ఎంతో అడగండి, ఆ సూత్రమే పట్టుకుని ప్లస్ 8 అనేవాళ్లుంటారు.

అదే పాఠాన్ని అప్పు కథగా చెబితే పీరియడంతా పడుతుంది. నెల్లూరు జిల్లా మైపాడు దగ్గర రొయ్యల గుంట వేసిన బాబాయి మేత కొట్లో 2,000 చొప్పున మూడు అప్పులు పెట్టాడు. కొట్టాయన జాలిపడి ఆ మూడూ పద్దులోంచి తీసేశాడు. బాబాయికి కలిసొచ్చిందెంత? 6,000! ఒక్కో అప్పు −2,000, మూడు తీసేయడం −3; (−3)×(−2,000) అంటే అదే. క్రీ.శ. 628లోనే గణితవేత్త బ్రహ్మగుప్తుడు ప్లస్, మైనస్ సంఖ్యలను ధనం, రుణం అన్నాడు; తెలుగు మీడియం పుస్తకాల్లో ఆ పేర్లే ఉన్నాయి. ఇంగ్లీషు మీడియం పిల్లలకూ ఒకసారి చెబితే బాగుండు.

బీజగణితానికి మాత్రం కథ అల్లితే అతకదు. అక్కడ నా ఓటు సూత్రానికే, బోలెడు ప్రాక్టీసుకే.