పాత బలిపీఠం: ఉన్నది కాపాడాలా, కొత్తది చెక్కాలా?

చర్చి బలిపీఠాలను బాగుచేసే కొయ్య శిల్పికి ఈ ప్రశ్న జీవితాంతం ఎదురవుతూనే ఉంటుంది. పురుగు తొలిచిన దేవదూత చెయ్యి ఎదురుగా ఉంది. దాన్నే గట్టిపరచాలా, తీసేసి కొత్తది చెక్కాలా?

ఖర్చు: కొత్తదానికి కర్ర, పనిరోజులు ముందే లెక్కకు అందుతాయి. పాతదానికి అందవు. లోపల ఎంత గుల్లయిందో పని మొదలుపెడితేగానీ తెలియదు.

శ్రమ: గట్టిపరచడమంటే పారలాయిడ్ బి-72 లాంటి రెసిన్‌ను ద్రావకంలో పల్చగా కలిపి, పురుగు రంధ్రాల్లోకి సూదితో కొద్దికొద్దిగా ఎక్కించడం. ఓపికే పెట్టుబడి. కొత్త చెయ్యి ఉలి పనితో అయిపోదు. సుద్ద, జంతు జిగురు కలిపిన పూతలు, వాటిపై ఎర్రమట్టి, ఆపైన బంగారు రేకు, చివర అగేట్ రాయితో మెరుగు. ఇంతా చేశాక అది పక్కనున్న పాత బంగారంతో కలవాలి. అసలు టెన్షన్ అక్కడే.

రిస్క్: పాత ముక్క తీసేస్తే ఆనాటి శిల్పి ఉలి గుర్తులు మళ్లీ రావు. జర్మన్ శిల్పి ఫైట్ ష్టోస్ 1477-1489 మధ్య పోలాండ్‌లో చేసిన క్రాకోవ్ బలిపీఠం లాంటి వాటికి ఆ గుర్తులే ప్రాణం. కొత్తగా చేర్చిన భాగం మొత్తంతో పొసగాలి, అయినా అసలుకూ దానికీ తేడా తెలియాలి అంటుంది పాత కట్టడాల సంరక్షణకు అంతర్జాతీయ సూత్రాలు చెప్పే 1964 నాటి వెనిస్ చార్టర్.

ఆకారం నిలిచి ఉంటే, కర్ర ఎంత బలహీనపడినా గట్టిపరచడానికే నా ఓటు. బరువు మోసే భాగం చెడినా, చెయ్యి పూర్తిగా పోయి పాత ఫోటో దొరికినా కొత్తది చెక్కవచ్చు. ఫోటో కూడా లేకపోతే ఊహించి చెక్కకుండా ఖాళీగా వదిలేయడమే మేలు.