చిన్న ట్రాక్టరుకు క్లచ్ సెట్ కొనబోయేవారికి హెచ్చరిక: పాతదానికి రంగు వేసి కొత్తదని అమ్ముతున్నారు

చిన్న ట్రాక్టరు క్లచ్‌ను ఇంటి దగ్గరే మార్చుకుందామని ఆన్‌లైన్‌లో ‘పూర్తి సెట్’ పేరుతో అమ్ముతున్న సరుకు తెప్పించుకోబోయేవారు దయచేసి ఇది చదివాకే డబ్బు కట్టండి. నేను తెప్పించుకున్న సెట్‌లో క్లచ్ ప్లేటును అదిమిపట్టే ప్రెషర్ ప్లేటు, ఇంజను శక్తిని గేర్‌బాక్సుకు అందించే క్లచ్ ప్లేటు, పెడల్ తొక్కినప్పుడు ప్రెషర్ ప్లేటును నొక్కే రిలీజ్ బేరింగ్, గేర్‌బాక్సు షాఫ్టు కొనను ఆపే పైలట్ బేరింగ్ నాలుగూ కొత్తవేనని ప్రకటనలోనూ బిల్లులోనూ స్పష్టంగా రాసి ఉంది. అందులో ప్రెషర్ ప్లేటు ఎక్కడో వాడి తీసేసిన పాతది, దానికి రంగు పూసి పంపించారు. క్లచ్ ప్లేటు కొత్తదే కాని నా ట్రాక్టరులో పనిచేసేది కాదు. బేరింగులు రెండూ బాగానే ఉన్నాయని న్యాయంగా చెప్పాలి.

కారుకో మోటారు సైకిలుకో ఇలాంటి సరుకు వస్తే విసుగుతో సరిపెట్టుకోవచ్చు. చిన్న ట్రాక్టరు సంగతి వేరు. దీనికి సాధారణంగా విడిగా ఛాసిస్ ఉండదు, ఇంజను, క్లచ్ హౌసింగ్, గేర్‌బాక్సు ఒకదానికొకటి బోల్టులతో బిగిసి అవే బండికి వెన్నెముకగా నిలుస్తాయి. క్లచ్ చేతికి అందాలంటే లోడర్ ఉంటే దాన్ని విప్పి, బ్యాటరీ తీగలు తీసి, వైరింగు, హైడ్రాలిక్ పైపులు, స్టీరింగ్, డీజిల్ గొట్టాలు, యాక్సిలరేటర్ రాడ్డు అన్నీ వేరుచేసి, రెండు సగాలకూ కింద గట్టి ఆధారాలు పెట్టి బండిని నడుము దగ్గర రెండుగా విడదీయాలి. ముందు ఇరుసు మధ్యలో పిన్ను మీద ఊగుతుంది కాబట్టి దానికీ పై బ్రాకెట్టుకూ నడుమ రెండు వైపులా చెక్క ఆపులు (వెడ్జులు) బిగించకపోతే, విడిపోయిన ఇంజను సగం పక్కకు ఒరిగి మనిషి మీద పడే ప్రమాదం ఉంది. ఇంత పనీ చేసి, అంతా మళ్లీ కలిపి బిగించాక సరుకు చెడ్డదని తేలితే మొదటి నుంచీ మొత్తం తిరిగి చేయాల్సిందే. అందుకే ‘ముందు బిగించి చూడండి సార్, అప్పుడు మాట్లాడదాం’ అని అమ్మకందారు ఇచ్చే సలహా కన్నా హాని చేసేది మరొకటి ఉండదు.

ప్రెషర్ ప్లేటు డబ్బాలోంచి తీయగానే నల్లగా నిగనిగలాడుతూ కనిపించింది. అసలు గుట్టు రిలీజ్ బేరింగ్ వచ్చి నొక్కే ఫింగర్ల (ప్లేటు మధ్యకు వేళ్లలా చొచ్చుకొచ్చే పట్టీల) కొనల దగ్గర బయటపడింది. కొత్త ప్లేటుకు ఆ కొనలు ఒకే తీరుగా, ఏ గీతా లేకుండా ఉండాలి. దీనికి ప్రతి ఫింగరు కొన మీదా వేలిగోరు ఆగేంత లోతున, వంపు తిరిగిన మెరుపు గాడి పడి ఉంది, రంగు ఆ గాడిలోకి కూడా దిగి ఆరిపోయింది. కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో కవరు లోపలి అంచు తుడిస్తే రంగు పొరలుగా ఊడి, దాని కింద ఎండిపోయిన గ్రీజు, దాని కింద తుప్పు కనిపించాయి. క్లచ్ ప్లేటుకు ఆనుకునే ముఖాన్ని మాత్రం లేత్ మీద పైపైన చెక్కారు. అయినా లోపలి అంచున, చెక్కుడు తగలని చోట, వేడికి లోహం నీలిరంగు తిరిగిన మచ్చలు అలాగే ఉన్నాయి. క్లచ్ జారి కాలిన బండిలోంచి తీసిన ప్లేటుకే అలాంటి మచ్చలు వస్తాయి.

రంగు ఎవరైనా పూయవచ్చు, ఫింగర్ల ఎత్తు సరిచూసే ఓపిక మాత్రం ఇలాంటి సరుకు తయారుచేసేవారికి ఉండదు. ప్లేటును ఫ్లైవీల్‌కు (ఇంజను వెనుక తిరిగే బరువైన చక్రానికి) బిగించి, లోతు కొలిచే వెర్నియర్‌తో ఒక్కొక్క ఫింగరునూ కొలిస్తే ఎత్తులు ఒకదానికొకటి కలవలేదు. అలా ఉంటే పెడల్ తొక్కినప్పుడు ప్రెషర్ ప్లేటు ఒక వైపు ముందు, మరో వైపు వెనుక లేస్తుంది. క్లచ్ పూర్తిగా విడవక గేర్లు గీరుకుంటాయి, వదిలేటప్పుడు బండి అదురుతుంది. లివరు రకం ప్లేట్లలో ఈ ఎత్తును నట్లతో సరిచేసుకునే వీలుంది, అయితే కొత్తదని డబ్బు తీసుకున్న సరుకును మనమే సరిచేసుకోవాలనడం ఏ న్యాయం?

క్లచ్ ప్లేటు విషయం ఇంకొంచెం చిక్కుగా ఉంటుంది, ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. బయటి వ్యాసం సరిపోయింది, మధ్య బొడిపెలోని స్ప్లైను పళ్ల సంఖ్య సరిపోయింది, గేర్‌బాక్సు షాఫ్టు మీద నున్నగా జారింది కూడా. కాని ఫ్లైవీల్‌కు చేత్తో ఆనించి పట్టుకుంటే ప్లేటు చదునుగా కూర్చోలేదు. స్ప్రింగులున్న మధ్య భాగం ఉబ్బు ఎక్కువై, ఫ్లైవీల్ బోల్టుల తలలకు తగిలింది. తిప్పి పెట్టి చూసినా సరిపడలేదు. అలాగే బిగిస్తే పెడల్ ఎంత తొక్కినా క్లచ్ విడవదు. ప్రకటనలో ఈ సెట్ చాలా మోడళ్లకు సరిపోతుందని పొడవైన జాబితా ఇచ్చారు, ఒక్క కొలత కూడా ఇవ్వలేదు. మోడల్ పేరు ఒకటే అయినా, ఫలానా సీరియల్ నంబరు తరువాత క్లచ్ మారిన ట్రాక్టర్లు ఉన్నాయి. అదే బండి గేర్ల రకంలో ఒకలా, నూనె ఒత్తిడితో నడిచే హైడ్రోస్టాటిక్ రకంలో మరోలా ఉండవచ్చు. పీటీవోకు (పనిముట్లను తిప్పే షాఫ్టుకు) వేరే ప్లేటు ఉండే డబుల్ క్లచ్ బండికి సింగిల్ సెట్ ఎలాగూ సరిపోదు. జపాన్ నుంచి వాడినవిగా వచ్చిన చిన్న ట్రాక్టర్ల యజమానులు మరింత జాగ్రత్తపడాలి, ఎందుకంటే ఇతర దేశాల కోసం తయారైన అలాంటి బండ్ల పార్టు నంబర్లు వీటికి కలవకపోవచ్చు.

ఫోటోలు పంపి అడిగినప్పుడు అమ్మకందారు మొదట ‘రవాణాలో గీతలు పడి ఉంటాయి’ అన్నారు. గాడి లోపల రంగు ఎలా చేరిందని అడిగితే దానికి జవాబు రాలేదు. తరువాత, బిగించిన సరుకు తిరిగి తీసుకునేది లేదని, అయినా మెకానిక్ బిగించినట్టు బిల్లు పంపితేనే ఫిర్యాదు పరిశీలిస్తామని రాశారు. ఈ రెండు షరతులనూ పక్కపక్కన పెట్టి చదవండి: బిగించకపోతే ఫిర్యాదు చెల్లదు, బిగిస్తే వాపసు చెల్లదు. కొనేముందు వాపసు నిబంధనల్లో ఇలాంటి జంట ఉందేమో చూసుకుంటే సగం బెడద తప్పుతుంది.

కొనే తీరు గురించి నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. వీలైనంతవరకు బండిని విడదీసి, పాత ప్లేటు చేతిలోకి వచ్చాకే సరుకు తెప్పించండి. పాతదాని వ్యాసం, పళ్ల సంఖ్య, మధ్య భాగం ఉబ్బు రెండు వైపులా కొలిచి, అమ్మబోయే ప్లేటుకు కూడా అవే కొలతలు రాతపూర్వకంగా ఇవ్వమని అమ్మకందారును అడగండి. ఇవ్వలేనివారి దగ్గర కొనకండి. అడగగానే ఫింగర్ల కొనలకు దగ్గరగా ఫోటో తీసి పంపేవారే నమ్మదగినవారు. పాత దుమ్మును గాలి కొట్టి ఊదకండి, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, తడిగుడ్డతో తుడవండి. ఎలాగూ తెరిచారు కాబట్టి ఇంజను వెనుక ఆయిల్ సీలు కారుతోందేమో చూడండి, కారుతుంటే ఎంత మంచి కొత్త ప్లేటైనా నూనె తగిలి జారుతుంది. డబ్బా విప్పడం దగ్గర నుంచి వీడియో తీసి పెట్టుకోండి.

చివరకు నా వీడియో చూశాక ప్రెషర్ ప్లేటు వరకు డబ్బు వెనక్కి ఇచ్చారు. క్లచ్ ప్లేటు ‘మోడల్‌కు సరిపోతుంది’ అన్న మాట మీదే ఉన్నారు, దాని మీద ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. ప్రకటన మాత్రం అదే ఫోటోతో, ‘సరికొత్తది’ అన్న అదే మాటతో ఇప్పటికీ ఉంది.