మలుపుల దగ్గర కొత్త స్క్రోల్ సా పనితనం

చెక్కలో అక్షరాలు కోయడం నేర్చుకోవాలని తీసుకున్న ఈ స్క్రోల్ సా (సన్నని బ్లేడుతో వంపులు కోసే రంపపు యంత్రం) మీద మూడు నెలలు పనిచేశాను. బ్లేడుకూ వెనుకనున్న స్తంభానికీ మధ్య 16 అంగుళాల ఖాళీ ఉంది. బ్లేడు నిమిషానికి 400 నుంచి 1600 సార్లు పైకీ కిందికీ ఆడుతుంది. ఇరుకు మలుపులను పరీక్షించడానికి తెలుగు అక్షరాలను మించినవి లేవనుకుని, 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ మీద మొదట 'ఇ' గీసుకున్నాను.

యంత్రంతో ఇచ్చిన బ్లేడ్లతో ఆ అక్షరం రాలేదు. అవి రెండు చివరలా అడ్డపిన్ను ఉన్నవి, వెడల్పు దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు. మలుపు తిప్పేటప్పుడు బ్లేడు వెనుక అంచు అది కోసిన సందులోనే ఇరుక్కుని చెక్కను రాసుకోవడంతో, కోత గీత దాటిపోయి, అంచులు నల్లగా మాడాయి. తప్పు నా చేతిదేనని వారం రోజులు నన్ను నేనే నిందించుకున్నాను. తరువాత ఒక మిల్లీమీటరు కంటే సన్నగా ఉండే, పిన్ను లేని మూడో నంబరు బ్లేడు బిగించి చూస్తే అదే మలుపు దాదాపు సాఫీగా తెగింది. 'ర' లోపలి గుండ్రటి ఖాళీ కోయడానికి కూడా ఈ బ్లేడ్లే నయం, ఎందుకంటే లోపలి కోతకు ముందు రంధ్రం చేసి బ్లేడును అందులోంచి దూర్చాలి; పిన్ను దూరేంత పెద్ద రంధ్రం చిన్న అక్షరంలో పట్టదు. ఎటు తోస్తే అటు కోసే మెలి బ్లేడ్లనూ ప్రయత్నించాను గాని, వాటి కోత వెడల్పుగా, గరుకుగా వచ్చి అంచులు నునుపు చేసే పని రెట్టింపయింది.

బ్లేడు మారినంత మాత్రాన చేయి కుదరదు. చెక్కను పక్కకు నెట్టకుండా, ముందుకు తోయడం దాదాపు ఆపేసి, బ్లేడునే ఇరుసుగా భావించి దాని చుట్టూ చెక్కను తిప్పాలి. ఈ యంత్రంలో వేగం తగ్గించే మీట ఉండడం నాకు ఎంతో మేలు చేసింది. మరీ తగ్గిస్తే చెక్క ఎగిరిపడుతుంది కాబట్టి 800 దగ్గర నిలిపాను. పదునైన మూలల దగ్గర పారేసే భాగంలోకి కోసుకుపోయి, అక్కడ చుట్టు తిరిగి మళ్ళీ గీత మీదికి రావడమే తేలిక. బ్లేడు పళ్ళను అచ్చు కొట్టి చేసినప్పుడు ఒక పక్క మిగిలే గరుకు వల్ల కోత ఒక వైపుకు లాగుతుంది. చెక్కను కొద్దిగా ఏటవాలుగా పట్టి తోయడం అలవాటయ్యాక ఆ బాధ తగ్గింది.

బ్లేడు బిగువును సరిచేసే పిడి చక్కగా పనిచేస్తుంది. వేలితో మీటితే కంగుమని పలికేంత బిగించినప్పుడు కోత నిటారుగా దిగింది. వదులుగా ఉంటే బ్లేడు వంగి, పలక పైన ఒక ఆకారం, అడుగున మరొకటి వచ్చాయి.

లోపాలూ ఉన్నాయి. చెక్కను అణచి పట్టే కాలు సరిగ్గా గీతకు అడ్డుగా నిలబడుతుంది; దాన్ని తీసేశాక చెక్క ఎగరకుండా రెండు చేతులతో అదుముతూ, వేళ్ళను బ్లేడు దారికి దూరంగా ఉంచుకోవాల్సి వచ్చింది. పొట్టును ఊదే గొట్టంలో గాలి చాలదు. బ్లేడు దిగే రంధ్రం పెద్దది కావడంతో చిన్న ముక్కలు అందులోకి ఒరిగిపోతున్నాయి. దాని మీద సూది రంధ్రం చేసిన పలుచని ప్లైవుడ్ అతికించి సరిపెట్టుకున్నాను. కంపన ఎక్కువే గాని, బల్లకు బోల్టులతో బిగించాక ఇబ్బంది కలగలేదు.

కొత్తవారికి ఈ యంత్రం సరిపోతుందనే నా అభిప్రాయం. అయితే పిన్ను లేని బ్లేడ్లు పట్టే బిగింపు ముక్కలు పెట్టెలో ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి. అవి లేని రకమైతే, అక్షరాలు కోయాలనుకునేవారు దీన్ని కొనవద్దు.