ఊసరవెల్లికి ‘కంప్లీట్ కిట్’ కొంటున్నారా? కాస్త ఆగండి

డబ్బు కట్టేముందు ఇది చదవండి. పెంపుడు ఊసరవెల్లికి కావలసిన పెట్టె, బల్బు, నీళ్ల గిన్నె కలిపి అమ్మే కిట్ ఇది. అట్టపెట్టె మీద ఊసరవెల్లి బొమ్మ చూసి నేను నమ్మేశాను. విప్పితే మూడడుగుల పొడవు, అడుగున్నర ఎత్తున్న గాజు పెట్టె. చేపల తొట్టికి మూత బిగించినట్టుంది.

మాది వెయిల్డ్ కమీలియన్ అనే రకం ఊసరవెల్లి. అందులో పెట్టిన రెండో రోజే నల్లబడింది. రంగు మార్చడం దాని గుణమే కదా అని ఊరుకున్నాను. అసలు సంగతేమిటంటే, గాజులో తన నీడ దానికి ఇంకో ఊసరవెల్లిలా కనబడుతోంది. ఇవి ఒంటరి జీవులు, పక్కన మరొకటి ఉంటే ఓర్చుకోలేవు. రోజంతా ఒళ్లు ఉబ్బించి గాజు మీద బుసకొట్టేది.

మూడు వారాలకి తల పైకెత్తి, నోరు తెరిచి ఊపిరి తీయడం మొదలుపెట్టింది. ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్ అన్నారు డాక్టర్. ఇవి ఆకుల మీది చుక్కల్ని నాకి దాహం తీర్చుకుంటాయి కాబట్టి నీళ్లు చల్లక తప్పదు. (కిట్‌లో ఇచ్చిన నీళ్ల గిన్నెలో ఇప్పుడు గుండుసూదులు వేసుకుంటున్నాను.) గాలి ఆడని ఆ పెట్టెలో తేమ ఆరేదే కాదు.

బల్బుదీ అదే కథ. పైన ‘యూవీబీ’ (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కాంతి) అని రాసుంది, తీరా చూస్తే వేడినిచ్చే మామూలు బల్బు. యూవీబీ లేకపోతే ఒంట్లో విటమిన్ డి3 తయారవదు. మేతకి క్యాల్షియం పొడి ఎంత అద్దినా ఎముకలకు పట్టదు, కాళ్లు వంకరపోతాయి.

అమ్మినాయన్ని అడిగితే, “వాడిన సరుకు వెనక్కి తీసుకోం సార్. నీళ్లు మీరే ఎక్కువ కొట్టుంటారు” అన్నాడు.

ఇప్పుడు రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తున్న మెష్ ఎన్‌క్లోజర్‌కి (వల గూడుకి) మార్చాను. ఎదిగిన వెయిల్డ్‌కి ఇదే కనీసం. ఎత్తు విషయంలో రాజీ పడొద్దు, చెట్ల మీద బతికే ప్రాణి అది. మెష్‌ని వేలితో తడిమి చూడండి, గరుకుగా ఉంటే గోళ్లు ఇరుక్కుంటాయి. వేడి బల్బు పైకప్పు మెష్‌కి ఆనించొద్దు. అక్కడ వేలాడి వీపు కాల్చుకుంటాయి. లోపల కొమ్మలు, మందు కొట్టని మందార మొక్క పెట్టాను.

గాజువన్నీ పనికిరావని అనను. చలి, పొడిగాలి ఉన్నచోట కింద నుంచి గాలి వచ్చి పైనుంచి పోయే గాజు పెట్టెలు బాగానే పనిచేస్తాయి. నాకు అంటగట్టింది అది కాదు. అదే పెట్టెని ఆయన ఇప్పుడు తాబేలు బొమ్మ అంటించి అమ్ముతున్నాడు.