కిక్ ట్రిగ్గర్‌తో రాక్ బ్యాండ్: నెల రోజులు తొక్కాక నా రివ్యూ

రాక్ బ్యాండ్ అనేది తెర మీద వచ్చే నోట్లకి తగ్గట్టు బొమ్మ వాయిద్యాలు వాయించే వీడియో గేమ్. దాని డ్రమ్ సెట్‌తో వచ్చిన పెడల్‌ని నేనే విరగ్గొట్టాను. పల్లవి రాగానే పూనకం వచ్చినట్టు తొక్కుతాను, తప్పు నాదే. దాని బదులు ఎలక్ట్రానిక్ డ్రమ్స్‌లో కిక్‌కి, అంటే కాలితో కొట్టే పెద్ద డ్రమ్‌కి బదులు వాడే కిక్ ట్రిగ్గర్ ఒకటి తెచ్చుకున్నాను. నిలువుగా చిన్న రబ్బరు ప్యాడ్, దాని వెనక దెబ్బని కరెంటు సిగ్నల్‌గా మార్చే పీజో సెన్సర్, ముందు బీటర్ పెడల్ (తొక్కితే సుత్తిలాంటి బీటర్ వెళ్లి ప్యాడ్‌ని కొట్టే పెడల్) బిగించే ఇనుప పట్టీ. అంతే సరుకు.

వస్తువుగా మాత్రం వంక పెట్టలేను. బరువుంది, కింద ముళ్లున్నాయి, కార్పెట్ మీద అంగుళం కూడా జరగదు. బీటర్ ప్యాడ్‌కి తగిలి వెనక్కి రావడం మడమ దాకా తెలుస్తుంది. పాత పెడల్‌లో కాలికి తెలిసేది నేల ఒక్కటే.

గొడవంతా వైరు దగ్గరే. ట్రిగ్గర్‌ది 6.35 ఎంఎం జాక్, గేమ్ సెట్‌ది 3.5 ఎంఎం. మధ్యలో కన్వర్టర్ పెట్టేసి పనైపోయిందనుకున్నాను. పది తొక్కితే రెండు పడ్డాయి, అవి కూడా దయతలచి.

విరిగిన పెడల్ విప్పి చూశాక గానీ సంగతి అర్థం కాలేదు. అందులో ఉన్నది ఒక అయస్కాంతం, ఒక రీడ్ స్విచ్. అయస్కాంతం దగ్గరికొస్తే స్విచ్ మూసుకుంటుంది. గేమ్‌కి కావలసింది ఆ ఒక్క కబురే. పీజో స్విచ్ కాదు. దెబ్బ తగిలినప్పుడు కాస్త వోల్టేజీ పుట్టించి, కొన్ని మిల్లీసెకన్లలో చల్లారిపోతుంది. గేమేమో తలుపు మూసుకుందా అని చూస్తుంటే, ఇది తలుపు తట్టి పారిపోతోంది.

మధ్యలో ఒక 2ఎన్3904 ట్రాన్సిస్టర్ పెట్టాను. బేస్ కాలికి కాస్త కరెంటు అందితే కలెక్టర్, ఎమిటర్ కాళ్ల మధ్య దారి మూసుకునే స్విచ్ లాంటిదది. కలెక్టర్ జాక్ టిప్‌కి (కొసకి), ఎమిటర్ స్లీవ్‌కి (మొదలు దగ్గరి భాగానికి). పీజో సిగ్నల్ డయోడ్ దాటి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌లో నిండి, 470 కిలోఓమ్ రెసిస్టర్ గుండా మెల్లగా బేస్‌కి వెళ్తుంది. దాంతో ఒక్క దెబ్బకి స్విచ్ సుమారు 50 మిల్లీసెకన్లు మూసుకునే ఉంటుంది. ఈ ఆలస్యం ఊరికే పెట్టింది కాదు. మొదట కెపాసిటర్ లేకుండా కట్టినప్పుడు బీటర్ చిన్నగా ఎగిరి మళ్లీ తగిలేది, గేమ్ రెండు దెబ్బలు లెక్కేసేది. నోట్ లేని చోట దెబ్బ పడితే స్ట్రీక్, అంటే తప్పు లేకుండా వరసగా కొట్టిన నోట్ల లెక్క, పోతుంది కదా. పక్కన కూర్చున్న మా చెల్లి "అన్నయ్యా, నువ్వు తొక్కేది ఒకటి, అది లెక్కేసేది రెండు, దాన్ని కిరాణా కొట్లో పెట్టు" అంది. అలాగని ఆలస్యం మరీ పెంచితే జంట దెబ్బల్లో రెండోది మింగేస్తుంది. 160 బీపీఎం (నిమిషానికి 160 తాళం దెబ్బల) పాటలో పదహారో నోట్లు (ఒక్కో తాళం దెబ్బకి నాలుగు) 94 మిల్లీసెకన్లకొకటి వస్తాయి కాబట్టి 50 దగ్గర ఆగిపోయాను. బీటర్‌ని గట్టి ప్లాస్టిక్ వైపు నుంచి ఫెల్ట్ వైపు తిప్పాక మిగిలిన తడబాటు కూడా పోయింది.

సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం ఇష్టం లేనివాళ్లకి ఒక మాట. కీబోర్డుకి వాడే సస్టెయిన్ పెడల్ అచ్చంగా స్విచ్చే. కన్వర్టర్ పెట్టి గుచ్చితే చాలు. అయితే కొన్నిటిలో తొక్కినప్పుడు స్విచ్ మూసుకుంటుంది, కొన్నిటిలో తెరుచుకుంటుంది. అడుగున పొలారిటీ మార్చే మీట ఉన్నది చూసుకోండి. తొక్కుడు మాత్రం చప్పగా ఉంటుంది.

పూర్తి ఎలక్ట్రానిక్ డ్రమ్ సెట్ ఉంటే ఈ తంటా ఏదీ అక్కర్లేదు. కంప్యూటర్‌లో ఆడే ఇలాంటి గేమే క్లోన్ హీరో, అది మిడి సిగ్నల్‌ని (ఎలక్ట్రానిక్ వాయిద్యాలు ఏ నోట్ కొట్టారో చెప్పే భాష) నేరుగా తీసుకుంటుంది. కిక్‌ని మామూలుగా 36వ నోట్‌కి కేటాయిస్తారు, ఏ నోట్ ఏ డ్రమ్మో గేమ్‌లో ఒకసారి మ్యాప్ చేసుకుంటే సరి.

ట్రిగ్గర్‌కి అయిదుకి నాలుగు. ఒకటి తగ్గించింది దాంతో వచ్చిన కాగితానికి. బోల్టులు ఎలా బిగించాలో ఆరు బొమ్మలేశారు గానీ, జాక్‌లోంచి ఏం బయటికొస్తుందో ఒక్క ముక్క రాయలేదు.