45 రోజుల ఇంగ్లీషు క్లాసు: ఎవరో, ఎవరైనా, ఎవరూ

తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో తొమ్మిదేళ్లుగా రిసెప్షన్‌లో కూర్చుంటున్నా. తెలుగు, తమిళం దంచేస్తా. హిందీ గది అద్దె మాట్లాడేంత వరకు వస్తుంది. ఇంగ్లీషు దగ్గరే నత్తి.

మార్చిలో అహ్మదాబాద్ నుంచి ఒకాయన దిగాడు. కొండకెళ్లొచ్చి, "డిడ్ ఎనీబడీ కమ్ ఫర్ మీ?" అని అడిగాడు. ఎవరూ రాలేదు. అదే చెప్పా: "నోబడీ డిడ్ నాట్ కమ్ సార్." ఆయన కాస్త ఆలోచించి, "సో సమ్‌బడీ కేమ్?" అన్నాడు. నేను ఇంకా గట్టిగా అదే ముక్క చెప్పా. పాపం, వచ్చి వెళ్లినవాళ్లు మళ్లీ వస్తారేమోనని ముప్పావుగంట సోఫాలో కూర్చున్నాడు. మా ఓనరు కొడుకు పక్కనే నిలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు. మర్నాడే క్లాసులో చేరా.

క్లాసు బాలాజీ కాలనీలో, టిఫిన్ హోటల్ మీద మొదటి అంతస్తు. సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది, 45 రోజులు, ఫీజు 3,500. పేరు రాయట్లేదు. పొగిడితే కమీషన్ అంటారు, తిడితే సారు నొచ్చుకుంటారు. రెండూ చెయ్యబోతున్నా మరి.

మొదటి రెండు వారాలు ఈజ్, వాజ్, హ్యాజ్. అవి ఎక్కడైనా చెప్తారు. ఇచ్చిన డబ్బుకు న్యాయం జరిగింది మూడో వారంలో, ఇండెఫినిట్ ప్రొనౌన్లు, అంటే ఫలానా అని తేల్చి చెప్పని సర్వనామాలు, చెప్పిన నాలుగు రోజుల్లో. సారు ఇంగ్లీషు మాట ఒక్కటీ రాయకుండా బోర్డు మధ్యలో "ఎవరు" అని రాశారు. "దీనికి తోకలు తగిలించప్పా" అన్నారు. ఎవరో, ఎవరైనా, ఎవరూ. పక్కన అందరూ. "ఎవరో తలుపు కొట్టారు, సమ్‌బడీ. ఎవరైనా ఉన్నారా, ఎనీబడీ. ఎవరూ లేరు, నోబడీ. అందరూ తిన్నారు, ఎవ్రీబడీ. ఇన్నాళ్లూ నోట్లో పెట్టుకుని తిరుగుతున్నదే కదా!" ఏదో, ఏదైనా, ఏదీ, అన్నీ కూడా అదే వరసలో పెట్టేశారు. ఎక్కడో, ఎక్కడైనా మేమే చెప్పాం.

తర్వాత నా నోబడీ కథ లేచి చెప్పా. క్లాసంతా నవ్వింది. సారు నవ్వలేదు. మన భాషలో "ఎవరూ" ఒక్కటే ఉంటే కాదని అర్థం రాదు, ఆ పని చేసేది "రాలేదు" అనే క్రియ అన్నారు. ఇంగ్లీషులో నోబడీ అన్నప్పుడే కాదు అనేశాం, మళ్లీ నాట్ పెడితే రెండు కాదులు కొట్టుకుని అవును అయిపోతుంది. అందుకే అహ్మదాబాద్ ఆయన అలా కూర్చున్నాడు! "నోబడీ కేమ్", అంతే. పోనీ నాట్ ఉంచుకుని "ఎనీబడీ డిడ్ నాట్ కమ్" అందామంటే అదీ తప్పే. నాట్ ముందు రావాలి, ఎనీ వెనక రావాలి: "ఐ డిడ్ నాట్ సీ ఎనీబడీ." ఈ ఒక్క ముక్క కోసం 3,500 ఇచ్చినా నాకు బాధ లేదు.

ఇంకోటి కూడా బాగా పనికొచ్చింది. ప్రశ్న అయితే ఎనీ అని బళ్లో బట్టీ పట్టాం కదా. గెస్టుకు కాఫీనో మజ్జిగో ఇస్తామని అడిగేటప్పుడు సమ్‌థింగ్ అనమన్నారు. అవునంటారనే ఆశతో అడుగుతాం కాబట్టి. ఎనీథింగ్ తప్పేం కాదట, కానీ సమ్‌థింగ్‌లో మర్యాద ఎక్కువ.

ఇక తిట్లు. సారు చెప్పింది ఒకటి, చేతికిచ్చిన జిరాక్స్ నోట్సు ఇంకొకటి. బోర్డు మీద "ఎవ్రీబడీ ఈజ్" అని రాశారు. మనకు అందరూ బహువచనం, ఇంగ్లీషులో మాత్రం ఒక్కరి లెక్కే అని మూడుసార్లు అనిపించారు కూడా. నోట్సు ఆరో పేజీలో "ఎవ్రీబడీ ఆర్" అని ఉంది. నో, వన్ రెండు వేరే మాటలుగా రాయాలి, అందులో కలిపి అచ్చేశారు. చూపిస్తే "డీటీపీ వాళ్లు" అన్నారు. రెండు బ్యాచ్‌ల నుంచి అదే కాగితమట!

రెండో పేచీ: 204 గదిలో ఎవరో చార్జర్ మర్చిపోయారు. "సమ్‌వన్ లెఫ్ట్ దేర్ చార్జర్" అనొచ్చా అని అడిగా, మా గెస్టులు అలాగే అంటారు కాబట్టి. సారు ఒప్పుకోలేదు. ఒక్కరైతే హిజ్ ఆర్ హర్ అనాలట. ఇంటికొచ్చి ఫోన్లో వెతికా. ఒక్క మనిషికి "దే" వాడటం 14వ శతాబ్దం నుంచే ఉందని ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ వాళ్లే రాశారు. 2019లో మెరియమ్ వెబ్‌స్టర్ వాళ్లు ఆ ఏటి మాటగా ఆ "దే"నే ఎంచుకున్నారు. మర్నాడు చూపిస్తే, "పరీక్షలో హిజ్ ఆర్ హర్ రాయి, లాడ్జిలో నీ ఇష్టం" అన్నారు. నేను పరీక్ష ఎప్పుడు రాస్తా సార్?

నన్, ఈదర్, నైదర్ ఒకే సాయంత్రంలో పరిగెత్తించారు. ఇద్దరైతే నైదర్, ముగ్గురు, అంతకు మించితే నన్ అన్నది తప్ప నాకేం మిగల్లేదు. ముప్పై నాలుగు మందిలో మాట్లాడే వంతు వారానికోసారి వస్తే ఎక్కువ. పోటీ పరీక్షల పిల్లలకు తప్పులు పట్టే బిట్లకు ఈ క్లాసు చాలు. నాలా నోరు తిరగాల్సినవాళ్లు మాత్రం బయట ఎవరితోనైనా మాట్లాడుకోవాల్సిందే. నేను రాత్రి డ్యూటీ పిల్లాడితో మాట్లాడుతున్నా. వాడికి విసుగొచ్చినా పారిపోవడానికి లేదు.

అయిదుకి మూడున్నర ఇస్తా. ఆ అర "ఎవరు"కు తగిలించిన తోకలకి.

కొత్త బ్యాచ్ ఒకటో తారీఖున మొదలు. కుర్చీ కిటికీ వైపు పట్టుకోండి, పనిచేసే ఫ్యాను అటే ఉంది. కాకపోతే ఏడింటికి కింద నుంచి దోసె వాసన వస్తుంది, కాస్త తినేసి వెళ్లండి.