పాత స్కీ బోటుకి కొత్త స్టీరింగ్: ఏడు సీజన్ల వాడకం తర్వాత

స్టీరింగ్ కేబులూ, హెల్మూ (చక్రం వెనక ఉండే గేర్ల పెట్టె) కలిపి మార్చి ఏడు సీజన్లు అయింది. టెక్సాస్ మంచినీటి లేకుల్లో దాదాపు 420 గంటలు తిరిగింది. ఇప్పటికీ చక్రం రెండు వేళ్ళతో తిరుగుతుంది. డబ్బు పెట్టినందుకు పూర్తి ఫలితం దక్కింది. కానీ సగానికి పైగా పుణ్యం కొత్త సామానుది కాదు, వెనక చుక్కాని దగ్గర చేసిన పనిది. ఆ పని వదిలేసి కేబుల్ ఒక్కటే మారిస్తే, కొత్త కేబుల్ కూడా పాతదాని దారే పడుతుంది.

బోటు 1990ల మొదట్లోది, నీటి మీద స్కీయర్లని లాగే 19 అడుగుల డైరెక్ట్ డ్రైవ్ ఇన్‌బోర్డ్ (ఇంజను బోటు లోపల, మధ్యలో ఉండే రకం). ఈ రకం బోట్లలో స్టీరింగ్ ఆట, అంటే చక్రం తిరిగినా చుక్కాని కదలని ఖాళీ, మామూలు బోట్లలో కన్నా ఎక్కువ బాధపెడుతుంది. స్లాలమ్ కోర్సు, అంటే స్కీయర్ నీటిపై తేలే బాయ్‌ల చుట్టూ మెలికలు తిరుగుతూ పోయే దారి, 259 మీటర్లు. గంటకి 58 కిలోమీటర్ల వేగంతో దాన్ని 16 సెకన్లలో దాటాలి. బోటు వెళ్ళే దారిలో బాయ్‌ల మధ్య వెడల్పు 2.3 మీటర్లే. వెనక స్కీయర్ ఒకసారి ఇటు, ఒకసారి అటు లాగుతుంటే, డ్రైవరు ప్రతి లాగుడికీ చక్రాన్ని వెంట్రుకవాసి సరిచేస్తూ ఉండాలి. మధ్యలో రెండంగుళాల ఆట ఉంటే ఆ సరిచేయడం ఎప్పుడూ ఒక క్షణం ఆలస్యమే.

స్టీరింగ్ బిగుసుకుంటే ముందు హెల్మ్ జోలికి వెళ్ళొద్దు. వెనక టిల్లర్ ఆర్మ్ (చుక్కానిని తిప్పే చేయి) దగ్గర కేబుల్ ఊడదీసి, చుక్కానిని చేత్తో తిప్పండి. సులువుగా తిరిగితే తప్పు కేబుల్‌ది. చుక్కాని కూడా మొరాయిస్తే గ్లాండ్ (చుక్కాని షాఫ్ట్ చుట్టూ నీళ్ళు లోపలికి రాకుండా ఆపే బిగింపు) ఎండిపోయిందన్నమాట. చాలాసార్లు రెండూ ఉంటాయి. కేబుల్ పోయేది దాదాపు ఎప్పుడూ వెనక కొస దగ్గరే: రాడ్ బయటికొచ్చే చోట సీలు అరిగి, నీళ్ళు లోపలికి దిగి, లోపలి తీగ తుప్పు పట్టి ఉబ్బుతుంది. ఆ కొసలోకి గ్రీసు కూరితే నాలుగు వారాలు బాగున్నట్టు అనిపిస్తుంది, అంతే. కేబుల్ లోపలి గ్రీసు తయారీలో వేసి మూసేసింది. బయటినుంచి బాగుచేసే వీలు లేదు.

కొత్తది కొనేముందు పాత కేబుల్ తొడుగు మీద అచ్చువేసిన నంబరు చూడండి. అది చెరిగిపోతే తొడుగు పొడవు కొస నుంచి కొసకి కొలిచి, రెండు కొసల ఫొటోలతో అమ్మేవాళ్ళకి ఇవ్వండి. ఇన్‌బోర్డ్ కేబుల్ వెనక కొస ఔట్‌బోర్డ్ దానిలా ఉండదు, పొడవు కుదిరినా కొస కుదరకపోవచ్చు. పాతదాని మీద టెలిఫ్లెక్స్ అని ఉంటే, అదే సామాను తర్వాత సీస్టార్ పేరుతో వచ్చింది. 2017లో సీస్టార్‌ని డొమెటిక్ కొంది కాబట్టి మూడు పేర్లతోనూ వెతకాలి. పొడవు అడుగుల లెక్కన వస్తుంది. ఒక అడుగు తక్కువైతే వంపులు బిగుసుకుంటాయి, రెండడుగులు ఎక్కువైతే ఆ చుట్టంతా రాపిడే. ఏ వంపైనా 8 అంగుళాల వ్యాసార్ధం కన్నా చిన్నది కాకూడదు.

చక్రం తీయడం చాలామందికి మొదటి గండం. చక్రం కూర్చునే హెల్మ్ షాఫ్ట్ ముప్పావు అంగుళం, కోసుగా సన్నబడుతుంది, మధ్యలో కీ ఉంటుంది. ముప్పై ఏళ్ళ చక్రం దానికి అతుక్కుపోయి ఉంటుంది. నట్‌ను పూర్తిగా తీసేయకుండా, రెండు చుట్లు వదులు చేసి ఉంచి, పుల్లర్ వేసి నిదానంగా లాగాలి. షాఫ్ట్ మీద సుత్తితో కొడితే, మళ్ళీ వాడదామనుకున్న హెల్మ్ లోపలి గేర్లు దెబ్బతింటాయి. పాత కేబుల్ లాగేముందు దాని కొసకి గట్టి నైలాన్ తాడు కట్టి, పైన టేపు చుట్టండి. ఆ తాడే కొత్త కేబుల్‌ని నేల కింద నుంచి లాక్కెళ్ళేది. ముడి లావుగా ఉంటే స్ట్రింగర్ల (బోటు అడుగున పొడవునా ఉండే దూలాల) మధ్య ఇరుక్కుంటుంది.

ఇక చుక్కాని. గ్లాండ్ నట్ విప్పితే లోపల ఉండేది మన ఊళ్ళల్లో నీళ్ళ పంపు షాఫ్ట్‌కి వేసే గ్లాండ్ రోపు లాంటిదే. పాతదంతా కొక్కెంతో గీకి తీయాలి, ఒక్క ముక్క కూడా మిగలకూడదు. కొత్త రోపుని షాఫ్ట్ చుట్టూ కొలిచి, ఏటవాలుగా కోసి, ఒక్కో చుట్టు విడివిడిగా వేయాలి. అతుకులు ఒకదాని మీద ఒకటి పడకూడదు. నట్‌ను చేత్తో బిగించి, చుక్కాని తిప్పిచూస్తూ కొద్దికొద్దిగా పానాతో బిగించాలి. అవసరానికి మించి లాగి బిగించడమే అసలు తప్పు. స్టీరింగ్ బరువెక్కేది అక్కడే, ఆ బరువంతా మోసేది కొత్త కేబుల్. గ్రీసు నిపుల్ ఉంటే శుభ్రంచేసి, పైన తాజా గ్రీసు కనిపించేదాకా పంపు చేయండి.

కేబుల్ తొడుగుని పట్టి ఉంచే క్లాంపు ఎక్కడ బిగించి ఉందో చూడటం మరవొద్దు. ఆ కాలం బోట్లలో చాలావాటికి స్ట్రింగర్లు చెక్కవి. చెక్క మెత్తబడితే స్క్రూ లోపల తిరుగుతుంది, చక్రం తిప్పినప్పుడు చుక్కాని బదులు క్లాంపు కదులుతుంది. ఎంత మంచి హెల్మ్ వేసినా ఆ ఆట పోదు. రంధ్రాన్ని పెద్దది చేసి, ఆరబెట్టి, చిక్కటి ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక మళ్ళీ డ్రిల్ చేయాలి.

కలిపేటప్పుడు చక్రాన్ని ఒక చివరి నుంచి ఇంకో చివరికి తిప్పి చుట్లు లెక్కపెట్టి, సగం దగ్గర ఆపండి. చుక్కానిని బోటు నడిమి గీతకి సరిగ్గా పెట్టి, బాల్ జాయింటుని మర మీద తిప్పుతూ రంధ్రానికి కుదర్చండి. జామ్ నట్ బిగించండి, టిల్లర్ బోల్టుకి కొత్త నైలాక్ నట్ (లోపలి నైలాన్ రింగు వల్ల వదులవనిది) వేయండి. పాత నైలాక్ మళ్ళీ వాడొద్దు. ట్రైలర్ మీద ఉండగానే పరీక్షించాలి: చక్రం కుడికి తిప్పితే, వెనక నిలబడి చూసేవాళ్ళకి చుక్కాని వెనక అంచు కుడికి పోవాలి. ఎడమకి పోతే రోటరీ హెల్మ్‌లోకి (గుండ్రటి గేరుతో కేబుల్‌ని నడిపే రకం) కేబుల్ తప్పు వైపు నుంచి ఎక్కిందన్నమాట. ఇద్దరు కలిసి చేస్తే ఒక పగలు పడుతుంది.

ఏ హెల్మ్ అన్నదానికి నా మాట ఇది. ఎన్‌ఎఫ్‌బీ (నో ఫీడ్‌బ్యాక్) రకంలో లోపలి క్లచ్ చుక్కాని తోపుడిని చక్రం దాకా రానివ్వదు, చెయ్యి వదిలినా బోటు పక్కకి లాక్కుపోదు. పిల్లలని ట్యూబ్ మీద తిప్పే కుటుంబాలకి అదే వేయండి. కోర్సులో స్లాలమ్ లాగేవాళ్ళకి మాత్రం క్లచ్ లేని ర్యాక్ రకమే (పళ్ళ కడ్డీతో కేబుల్‌ని తోసేది) నయం. ఎన్‌ఎఫ్‌బీలో క్లచ్ పట్టుకునే ముందు ఉండే చిన్న ఖాళీ కోర్సులో ప్రతి క్షణం తెలుస్తుంది. ర్యాక్‌కి డాష్ వెనక పొడవాటి చోటు కావాలి, ర్యాకూ కేబులూ ఒకటిగానే కొనాలి.

ఏడు సీజన్లలో మార్చాల్సి వచ్చింది బాల్ జాయింట్ ఒక్కటే, అయిదో ఏట. ప్రతి 25 గంటలకీ గ్లాండ్‌కి రెండు మూడు పంపుల గ్రీసు, రాడ్ మీది పాత గ్రీసు గుడ్డతో తుడిచి మెరైన్ గ్రీసు పల్చటి పూత. బోటుని చలికాలానికి పెట్టేటప్పుడు రాడ్ పూర్తిగా లోపలికి పోయేలా చక్రం తిప్పి వదిలేయాలి.